మలుగు గడి

మా సోమశిలకు సముద్రమంటే
ఉప్పు పాకెటు మీది నీలం బొమ్మ.
అంతకు మించి తెలిసినోడు
మా నాయిన ఒక్కడే, కుర్మయ్య.
ఆయన కూడా సముద్రాన్ని చూడలే. పట్టిండు.

పెండ్లి కాని రోజుల్ల
బండ సందుల చెయ్యి పెడితే
మోచేతికి చుట్టుకున్నదట మలుగు,
జిడ్డుగా, బలంగా, కోపంగా.
"ఇది ఉప్పునీళ్ళల్ల పుట్టింది బిడ్డా,
పోగు లెక్క సన్నగ ఉన్నప్పుడే
ఏటికి ఎదురు నడుసుకుంట మన బండ దాక వస్తది.
ముసలైనంక గుడ్లు పెట్టనీకి
మళ్ళ అక్కడికే పోతది."
ఆయనకు వాళ్ళ తాత చెప్పిండట.

అప్పటికే కింద సాగరు కట్ట లేచింది.
తిరిగిపోయే దారి లేక
మా బండ కింద ముసలైన ఆఖరుదేమో అది.
ఆ సంగతి తెల్వక నాయిన
పులుసు పెట్టించిండు.
బాగుండెనట.
ఇప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు
ఎక్కడో చూస్తడు.

ఇంటర్ తప్పినందుకు
సంఘమోళ్ళు నా చేతుల లెక్కల పుస్తకం పెట్టిండ్రు.
రవ్వ, బొచ్చె, కొర్రమట్ట, వాలుగ, జెల్ల, పాపెర,
ఒక్కోదానికి ఒక్కో గడి.
కిలోలు రాస్త. గ్రాములు వదిలేస్త.
బొచ్చె గడి నిండుతది,
సర్కారు పోసిన పిల్ల కదా.
పాపెర గడిల మూడేండ్ల సంది
సున్నలే, నున్నగ, వరసగ.

ఆ ఏడు ఎండలకు నీళ్ళు దిగినంక
లంక మీద టార్పాలిన్లు లేచినయ్.
సముద్రం ఒడ్డు నుంచి వచ్చినోళ్ళు,
ఎల్లాజీ, ఆయన పెండ్లాం, ఇంకో ఏడిండ్లు.
వాళ్ళ అలివి వల దోమతెర కంటె సన్నం.
జీలకర్రంత పిల్లలు గంపలు గంపలు
ఇసుక మీద ఎండుతుంటె
దూరం నుంచి
అభ్రకం పరిచినట్టు మెరిసేది.

వాగు మూతి దగ్గర నాలుగు నీటికుక్కలుండె.
మాకంటె ముందే వాటికి సమజైంది.
ఒకనాడు పొద్దుగాల
బురదల అడుగుల అచ్చులే మిగిలినయ్,
నల్లమల దిక్కు పోయేటియి.

మూడు పడవల్ల పోయినం.
ఫారెస్టాయన ఒకడు, కిరసనాయిలు డబ్బ ఒకటి.
ఎల్లాజీ కొట్లాడలే.
వల అంచుకున్న బెండ్లు మాత్రం విప్పుకున్నడు
ఒక్కొక్కటి, మెల్లగ.
"పెద్ద బోట్లు మా సముద్రాన్ని ఊడ్సీసినాయమ్మా,
ఆటి వలలు ఎవులూ కాల్చనేదు" అన్నడు.
నాకే చెప్పిండు, పుస్తకం నా చేతుల ఉన్నదని.
ఏ గడిల రాయాల్నో తెల్వలే.

ఆయన బిడ్డ నూకాలు, తొమ్మిదేండ్లుంటయేమో,
దోసిట్ల నీళ్ళు నాకి
"సప్పగుంది" అన్నది.
సముద్రం ఎట్లుంటదే అని అడిగిన.
"ఒడ్డొక్కటే ఉంటాది."

మలుగు ఎరికేనా అన్న.
రెండు వేళ్ళ నడుమ
కనపడని దారం ఒకటి పట్టి చూపింది.
"కృష్ణ కలిసేకాడ మా మావోల్ల ఊరు.
వానలప్పుడు గుంపులుగా వత్తాయి, గాజులాగా.
లోపల గుండి కొట్టుకుంతంటే కనపడతాది.
గోడ కాడికి వచ్చి ఆగిపోతాయి."
ఇంకా వస్తున్నయా?
"వత్తాయి. పెతీ ఏడూ."

వల అంటుకున్నది.
నైలాను కాలిన కంపు
వారం దాక నా చున్నీల ఉండె.

ఆ రాత్రి పుస్తకంల
పాపెర పక్కన ఇంకో గీత గీసి
పైన మలుగు అని రాసిన.

జీపుల వచ్చిన సారు వేలు పెట్టి అడిగిండు:
ఇది ఎన్నడన్న పడ్డదా?
లేదు సార్.
మరి గడెందుకు?

నేనేం చెప్పలే.
అరుగు మీద మా నాయిన
మోచెయ్యి రుద్దుకుంట కూసున్నడు.